చోళ్ళ సంచి

ఎమ్వీపీ కాలనీలో ఓ మేడింటి మెట్ల మీద కూర్చుని గులివింద చేపలకి పొలుసు గీకుతుంటే కంట్లో ఏదో పడ్డట్టయింది కనకరత్నానికి. పొలుసే అనుకుంది. చేపల మనిషి కంట్లో పొలుసు కాక పువ్వులు పడతాయా! మోచేత్తో రుద్దుకుని మళ్ళీ పనిలో పడింది. నిజానికి చేప అమ్మడం వరకే ఆమె వ్యాపారం. గీకడం, కోయడం, కడగడం, చివర మెట్ల మీద బకెట్టు నీళ్ళు కొట్టి నీచు పోయేదాకా చీపురుతో తోయడం, ఇవన్నీ కొసరు. "ఒక్క పొలుసు కూడా ఉండకూడదు కనకరత్నం, మా బాబు తినడు" అని మేడింటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోంచి అంటుంటే, "అలగేనమ్మా" అంటూ చేపను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. ఇంకా దగ్గరగా తెచ్చుకుంది. ఎంత దగ్గరికి తెచ్చినా ఎడమ పక్కన ఉన్న తోక కనిపించలేదు.

కుళాయి కింద కన్ను పెట్టి కడుక్కుంది. పొలుసు రాలేదు. మర్నాడు కుడి కన్ను మూసి చూస్తే వాళ్ళుండే జాలరి పేట మొదట్లో ఉన్న కరెంటు స్తంభం నడుం దగ్గర వంగి కనిపించింది. ఎడమ కన్ను మూస్తే మళ్ళీ నిటారుగా నిలబడింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తన ఒంటి గురించి చెప్పుకునే అలవాటు ఆమెకి ఆ ఇంట్లో ఎవరూ చెయ్యలేదు. ఆడదాని ఒళ్ళంటే పొయ్యిలాంటిది, మండినంతసేపూ ఎవరూ దాని మొహం చూడరు.

రెండువేల మూడు వేసవి అది. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు సముద్రం మీద వేట ఆపించింది. మర బోట్లన్నీ హార్బర్లో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. బోటు నడిపే సరంగు సూరన్న, అంటే కనకరత్నం మొగుడు, పగలంతా ఇంట్లోనే ఉండి, రెండు పూటలా వేళకి అన్నం అడుగుతున్నాడు. ఆమె వ్యాపారానికి మాత్రం వేట నిషేధం లేదు. తెప్పల మీద వచ్చే చేపలు కొనుక్కుని, బేసిను నెత్తిన పెట్టుకుని రోజూ కాలనీలు తిరగాల్సిందే. ఓ మధ్యాహ్నం సూరన్న కంచంలో పులుసు వేస్తుంటే సగం చాప మీద పడింది. "కళ్ళెక్కడెట్టుకున్నావే?" అన్నాడు. ఆమె గుడ్డ తెచ్చి తుడిచింది. మళ్ళీ వేసింది. మళ్ళీ చాప మీదే పడింది.

అప్పుడు పట్టించుకుంది అత్త పోతమ్మ. దగ్గరికి పిలిచి, రెప్ప తిరగేసి చూసి తేల్చేసింది. "ఎరుపు నేదు, పుసి నేదు. ఎండకి ఏడి సేసినాది, అంతే. దుర్గ పాలు రెండు సుక్కలేయించుకో."

దుర్గ కనకరత్నం కోడలు. వేట లేని రోజులని పనికి పొరుగూరు పోయిన కొడుకు గణేష్ పెళ్ళాం. ఆ పిల్లకి మూడు నెలల ఆడబిడ్డ ఒళ్ళో ఉంది. కళ్ళ జబ్బుకి చనుబాలు వెయ్యడం పేటలో పాత వైద్యమే. ఉప్పు గాలికీ ఎండకీ కళ్ళెర్రబడి ఒడ్డుకొచ్చే మగవాళ్ళకి బాలింత పాలకి మించిన మందు లేదంటారు. గణేష్ పుట్టినప్పుడు పేట మొత్తానికీ ఆ మందు ఇచ్చింది కనకరత్నమే. "మా కోడలికి గంగమ్మ దయ వల్ల పొర్లుతన్నాయర్రా, రండి" అని పోతమ్మ వీధిలోకి కేకేసేది. కనకరత్నం చీర చాటున గోడవైపు తిరిగి ఆల్చిప్పలోకి పిండి ఇచ్చేది. ఇస్తావా అని ఆమెనెవరూ అడగలేదు. ఆ రోజుల్లో ఆమె రొమ్ము గురించి వీధంతా బాహాటంగా మాట్లాడుకున్నారు. మామగారి ఎదట, మరుదుల ఎదట, దారినపోయే వాళ్ళ ఎదట. అది సిగ్గుపడాల్సిన మాట అని అప్పుడెవరికీ తోచలేదు. పాలిచ్చినంత కాలం అది ఊరి సొత్తు. జబ్బు చేశాక మాత్రం ఆమె ఒక్కదాని తప్పయి కూర్చుంది.

జబ్బు చేసి నాలుగేళ్ళయింది. ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ. నొప్పి లేదు కనుక ఏడాది పాటు దానితో కాపురం చేసింది. జాకెట్టు మీద మరక చూసి పోతమ్మ నిలదీస్తే గానీ బయటపడలేదు. పెద్దాసుపత్రిలో చూసి కేన్సరన్నారు, రొమ్ము మొత్తం తీసేశారు. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన అత్తా మొగుడూ గుసగుసలాడుకుంటున్నారు. ఆమె ఎలా ఉందని కాదు, ఊళ్ళో ఏమని చెప్పాలని. పోతమ్మే ఉపాయం చెప్పింది. "గర్భసంచి తీసీసారని సెప్పీ. ఆ ఆపరేషను పేటలో సగం మంది ఆడోళ్ళకి అయినాదే. ఎవులూ ఏటీ అనుకోరు." సూరన్న ఊపిరి పీల్చుకున్నాడు. "అదే నయం. ఈ ముక్క హార్బర్లో తెలిసిందంటే నా మొకం మీదే నవ్వుతారు" అన్నాడు. తర్వాత పెళ్ళాం వైపు కాకుండా సెలైన్ సీసా వైపు చూస్తూ, "ఇన్నావు కదా?" అన్నాడు. ఆమె విన్నానన్నట్టు తల ఊపింది. ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కే సంగతి ఏమిటంటే, ఆ నిమిషంలో ఆమెకి కోపం రాలేదు. పరువు దక్కిందని హాయిగా అనిపించింది.

అబద్ధం ఆడడం ఒక రోజు పని. దాన్ని సాకడం రోజూ పని, ఆ పని కూడా ఆమెదే అయింది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళంతా పరామర్శకొచ్చి, బరువులెత్తకు, నడుం జాగ్రత్త అని చెబుతుంటే, లేని నడుం నొప్పికి మూలిగింది. మూలగడంలో ఆరితేరింది కూడా. గర్భసంచి లేదని చెప్పాక నెలనెలా ముట్టు కనపడకూడదు కదా. అది ఆగే వయసింకా రాలేదు. ముట్టు ఆగేదాకా, రెండేళ్ళ పాటు ఆ గుడ్డలు చేపల బేసిను అడుగున దాచి తీసుకెళ్ళి, కాలనీలో ఎవరింటి వెనక కుళాయి దగ్గరో దొంగలా ఉతుక్కుంది. రొమ్ము లేదని కడుపు అబద్ధం, కడుపు అబద్ధం కోసం ముట్టు అబద్ధం. ఆసుపత్రిలో రోజూ వచ్చి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవాలన్నారు. సగంలో మానిపించాడు సూరన్న. "గర్భసంచి తీసినోళ్ళకి రోజూ ఆసుపత్రేటి అని అడుగుతన్నారే. నానేటి సెప్పను?" అన్నాడు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. ఒక్కసారీ వెళ్ళలేదు.

ఖాళీ అయిన చోట పెట్టుకోవడానికి పాత జాకెట్టు గుడ్డతో చిన్న సంచి కుట్టుకుంది. మొదట దూది పెట్టింది. దూదికి బరువు లేక పైకి తేలేది. తర్వాత చోళ్ళు, అంటే రాగులు, పోసింది. అంబలి కాచుకునే చోళ్ళే. బరువు సరిపోయింది, రెండో పక్కకి జోడు కుదిరింది. ఓ వానాకాలం మాత్రం నెత్తి మీద బేసిను నీళ్ళు కారి కారి సంచి తడిసి, విప్పి చూసేసరికి చోళ్ళు తెల్లగా మొలకలెత్తి ఉన్నాయి. పెరట్లో ఒక్కతే నిలబడి వాటిని చూసి నవ్వింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. మొలకలు కోళ్ళకి వేసేసి కొత్త చోళ్ళు పోసుకుంది.

సూరన్న మంచం ఆసుపత్రి నుంచి వచ్చిన నాడే వసారాలోకి మారింది. ఉక్కపోత అన్నాడు. చలికాలం వచ్చింది గానీ ఆయన ఉక్కపోత తగ్గలేదు.

అత్తమాట కాదనలేక ఆ మధ్యాహ్నం కనకరత్నం దుర్గ తొడ మీద తల పెట్టుకుని పడుకుంది. పోతమ్మ పాపని ఎత్తుకుని వీధరుగు మీదికి వెళ్ళింది. దుర్గ ముందుకి వంగింది. పట్టు కోసం ఎడమ చెయ్యి అత్త గుండె మీద ఆనించింది. ఆ చెయ్యి లోపలికి దిగిపోయింది. చోళ్ళ సంచి జరిగి చంకలోకి పోయింది. దుర్గ అరచేయి చదునైన ఎముకల మీద, కుట్ల గట్టు మీద ఆగిపోయింది. రెండు చుక్కలు గోరువెచ్చగా కంట్లో పడ్డాయి. దుర్గ సంచిని వెతికి, మళ్ళీ దాని చోట్లో పెట్టి, పైట సర్దింది. నిద్రపోయే పిల్లకి దుప్పటి సర్దినట్టు సర్దింది. "అయిపోనాదత్తా" అంది. కనకరత్నం చాలాసేపు లేవలేకపోయింది. కొడుకు పెళ్ళాం ముందు బట్టలు విప్పి నిలబడ్డట్టు ఒళ్ళంతా కుంచించుకుపోయింది. ఆ రోజు నుంచి కోడలి మొహంలోకి తిన్నగా చూడడం మానేసింది.

పాలకి కన్ను తేరుకోలేదు. పదిహేను రోజుల తర్వాత ఎదురొచ్చే ఆటో కనపడక బేసినుతో సహా పడబోయింది. అప్పుడు గానీ సూరన్న కదల్లేదు. బీచిరోడ్డులో కంటి ఆసుపత్రికి బయల్దేరారు. పాపతో పాటు దుర్గ కూడా వస్తానంది. ఎందుకూ అని ఎవరూ అడగలేదు.

డాక్టరు పేరు యశస్విని, చిన్నపిల్ల. కనకరత్నం కళ్ళలో మందు వేసి, అరగంట కూర్చోబెట్టి, నుదుటికి దీపం కట్టుకుని ఎడమ కంట్లోకి చాలాసేపు చూసింది. దీపం తీసి బల్ల మీద పెట్టింది. "ఇదివరకు ఏమైనా పెద్ద జబ్బు చేసిందా? ఆపరేషన్లు?" అని అడిగింది.

"అది సెప్పలేదండి, నన్నడగండి" అన్నాడు సూరన్న. "గర్భసంచి తీసీసారు. మరేటీ నేదు."

డాక్టరు కుర్చీ కనకరత్నం దగ్గరికి జరుపుకుంది. "అమ్మా, కంటి వెనకాల ఒక పొర ఉంటుంది. మీకు ఆ పొరలో గడ్డలాగా లేచింది. దాని వల్లే అన్నీ వంకరగా కనిపిస్తున్నాయి. ఇది కంట్లో పుట్టిన గడ్డలాగా లేదు, ఎక్కడి నుంచో వచ్చినట్టుంది. క్షయ వల్ల కావచ్చు. కేన్సరు వల్ల కూడా కావచ్చు."

"కేన్సరు కంటికొత్తాదేటండీ?" అన్నాడు సూరన్న. ఆ మాట ఆయన నోటివెంట వినడం కనకరత్నానికి అదే మొదటిసారి.

"ఒంట్లో ఎక్కడో గడ్డ ఉంటుంది. దానిలోంచి కణాలు ఊడి రక్తంలో పడతాయి. రక్తం పారినంత దూరం అవీ వెళతాయి. కంటి వెనక పొరలో రక్తం ఎక్కువగా పారుతుంది, నాళాలేమో సన్నం. అక్కడ చిక్కుకుని ఉండిపోయి, పెరుగుతాయి. గడ్డ కోసి తీసేసినా సరే, అప్పటికే ఊడిన కణాలుంటే ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా ఇలా లేవొచ్చు. ఆడవాళ్ళలో ఎక్కువగా రొమ్ము నుంచి వస్తాయి." డాక్టరు ఆగి, కనకరత్నం చెయ్యి పట్టుకుంది. "అందుకే అడుగుతున్నాను. తొందరగా తెలిస్తే చూపు కాపాడొచ్చు. ఇంకెక్కడికి పాకిందో వెతికి, ప్రాణం కూడా కొన్నాళ్ళు నిలబెట్టొచ్చు. తెలియకపోతే నేను క్షయ అనుకుని మందులిస్తూ కూర్చుంటాను. రొమ్ములో ఎప్పుడైనా గడ్డ తగిలిందా?"

"అలాటియ్యి మా ఇళ్ళల్లో నేవండి" అన్నాడు సూరన్న వెంటనే.

"మీరు చెప్పండమ్మా."

గుమ్మం దగ్గర దుర్గ నిలబడి ఉంది. గదిలో ఓ నర్సు ఉంది, సీసాలు సర్దుతున్న మగ కుర్రాడున్నాడు. కనకరత్నం పైట రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. నిజం నాలుక మీదికి వచ్చింది, మొలకలెత్తిన చోళ్ళు గుర్తొచ్చాయి, బేసిను అడుగున గుడ్డలు గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ అందరినీ మోసం చేసిన మనిషినని ఈ చిన్నపిల్ల ముందు ఒప్పుకోవాలి.

"నేవమ్మా" అంది.

అది మొగుడాడిన అబద్ధం కాదు, అత్త నేర్పిన అబద్ధం కాదు. తన నోటితో, తన ప్రాణం మీదికి తానే ఆడింది. రొమ్ము పోయినందుకు ఇన్నేళ్ళూ పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఈ ఒక్క మాటకి పడ్డ సిగ్గు ఒక ఎత్తు. డాక్టరు చెయ్యి వదిలేసింది. "సరే. ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకు రండి" అంది. ఎక్స్‌రే అంటే జాకెట్టు విప్పాలి. సూరన్నకీ అదే తట్టింది. "అయ్యన్నీ ఎందుకండీ, బిళ్ళలియ్యండి సాలు" అన్నాడు. బయటికొచ్చాక గొంతు తగ్గించి, "పద, ఇంటికెలిపోదాం. ఎలమంచిలిలో పసరు పోసేవోడున్నాడంట" అని, బీడీ కాల్చుకోవడానికి గేటు వైపు నడిచాడు.

కనకరత్నం బల్ల మీద కూలబడింది. మందు వేసిన కళ్ళకి వెలుతురు గుచ్చుకుంటోంది. ఎవరికీ కనపడనివ్వద్దని దాచమన్నారు. దాచింది. దాచిన చోటు నుంచి అది నెత్తురు పట్టుకుని బయల్దేరి, ఎముకలు దాటి, మెడ దాటి, తిన్నగా వచ్చి కంట్లోనే కూర్చుంది. తెగించి చెప్పుకుని, ఆ కరెంటేదో పూర్తిగా పెట్టించుకుని ఉంటే ఏమయ్యేదో. పేట నవ్వి ఉండేది. నవ్వనీ. నవ్విన వాళ్ళు నాలుగు రోజులకి అలిసిపోయేవారు.

పక్కన పాప గుక్కపట్టి ఏడుస్తోంది. దుర్గ దానికి పాలివ్వకుండా ఊరికే ఊపుతోంది. "పట్టొచ్చు కదే" అంది కనకరత్నం, కోడలి మొహం చూడకుండానే. దుర్గ కుడి పక్కకి తిప్పుకుంది. పాప రెండు గుటకలు మింగి మళ్ళీ ఏడ్చింది. "రెండో పక్కియ్యి" అంది కనకరత్నం. దుర్గ ఇవ్వలేదు. కనకరత్నం చెయ్యి చాచి తడిమింది. కోడలి చెయ్యి కాలిపోతోంది. ఎడమ పక్క జాకెట్టు రాయిలా బిగుసుకుని ఉంది.

"ఓలమ్మో! పాలు గడ్డకట్టీసినాయే! ఎన్నాళ్ళయినాది?"

"నాలుగు దినాలయినాది."

"ఇంత జెరం ఎట్టుకుని సెప్పొద్దేటే?"

దుర్గ కాసేపు పాప తల నిమిరింది. ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు, ఇంటి పద్ధతి చెబుతున్నట్టే చెప్పింది. "నువ్వు సెప్పినావేటత్తా? మనింట్లో ఆడోళ్ళు సెప్పుకోరేమో అనుకున్నాను."

అప్పుడు కనకరత్నం తల తిప్పి కోడలి మొహంలోకి చూసింది. ఈ ఇంట్లో అడుగుపెట్టి రెండేళ్ళు కాలేదు ఈ గుంట. తాను నోటితో ఏదీ నేర్పలేదు దానికి. చూసి నేర్చుకుంది. రేపు ఒళ్ళో ఉన్న పాప కూడా దీన్ని చూసి నేర్చుకుంటుంది. సంచి కుట్టుకోవడం ఎలాగో, ఎంత బరువు పోసుకోవాలో, ఎవరి కుళాయి దగ్గర ఉతుక్కోవాలో.

"లే" అంది.

"ఇంటికేనా?"

"పెద్దాసుపత్రికి, నీ జెరానికి. దానికి ముందు నోపలికి, నా కంటికి." కోడలి మోచేయి పట్టుకుని లేపింది. గేటు దగ్గర్నుంచి సూరన్న చూసి బీడీ పడేసి, "ఏటే, ఎక్కడికే?" అంటూ గబగబా వచ్చాడు. ఆమె ఆగలేదు. ధైర్యమేమీ రాలేదు ఆమెకి. చెవులు మండుతున్నాయి, వరసలో కూర్చున్న జనమంతా తన గుండెవైపే చూస్తున్నట్టుంది. ఆ సిగ్గుతోనే తలుపు తోసింది.

"అమ్మా, ఇందాక అబద్ధమాడినాను" అంది. "నాకు తీసింది గర్భసంచి కాదు. ఎడమ రొమ్ము. కేన్సరనే తీసినారు. కరెంటు సగంలో ఒగ్గేసినాను."

సీసాలు సర్దే కుర్రాడు తల దించుకుని బయటికెళ్ళిపోయాడు. డాక్టరు కోప్పడలేదు. తలుపు దగ్గరే ఆగిపోయిన సూరన్నని చూసింది. ఇందాకటి నుంచీ జవాబులన్నీ చెప్పింది ఆయనే కనుక ఆయన్నే అడిగింది. "తీసి ఎన్నాళ్ళయిందండీ? కుట్ల దగ్గర మళ్ళీ ఏమైనా లేచిందా? ఇప్పుడు ఎలా ఉంది అక్కడ?"

సూరన్న నోరు తెరిచాడు. పెళ్ళాం వైపు చూశాడు, గోడవైపు చూశాడు.

"ఆయన్నడక్కు తల్లీ" అంది కనకరత్నం, పైట పిన్ను తీస్తూ. "ఆయన ఒక్కసారీ సూళ్ళేదు."